పొద్దున్న ఒక మాట, సాయంత్రం ఒక మాట

మా పెద్దమ్మ పుస్తెలతాడు కాలవగట్టు మీద తెంపుకుపోయారు. కోనసీమలో మా ఊళ్ళోనే, ఇంకా వెలుగు రాకుండా గుడికి నడుస్తుంటే. వెనకనుంచి బండి చప్పుడు, మెడ మీద మంట, అంతే. పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు రాసుకునే రైటరు మొదట అడిగింది "బండి నెంబరెంత?" అని. తర్వాత అడిగింది "ఆ టైములో ఒక్కదానివే ఎందుకెళ్ళావు?" అని. పొద్దున్న బండి నల్లదని చెప్పిన ఆవిడ సాయంత్రానికి ఎర్రదేమో అంది. ఒకసారి ఇద్దరంది, ఇంకోసారి ఒక్కడే అంది. "పొద్దున్న ఒక మాట, సాయంత్రం ఒక మాట. అసలు పోయిందా, ఎక్కడైనా తాకట్టు పెట్టావా?" అన్నాడాయన. చిన్నపిల్లల్ని కూడా "రండి బాబూ" అని పిలిచే గోదావరి జిల్లాలో, అరవై దాటిన మనిషిని పట్టుకుని "నువ్వు" అన్నాడు. గొలుసు కన్నా ఆ మాటే ఆవిణ్ణి ఎక్కువ ఏడిపించింది.

రైటరుని దుర్మార్గుడనను. మాట మారితే అబద్ధం అన్నది ఆయనకి ఉద్యోగం నేర్పిన లెక్క. కాకపోతే భయపడిన మెదడు ఆ లెక్కకి లొంగదు.

ప్రాణభయం కలగగానే మెదడులో అమిగ్డలా అనే చిన్న భాగం చెలరేగుతుంది. ఒళ్ళంతా ఎడ్రినలిన్, ఆ వెనకే కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్లు. అప్పుడు దృష్టంతా ప్రమాదం మీదే నిలుస్తుంది. మెడకి గీసుకున్న గోరు, హెల్మెట్ వాసన లాంటివి చెక్కినట్టు మిగులుతాయి. రంగు, నెంబరు, ఏది ముందు ఏది తర్వాత అన్న వరుస తరచు జారిపోతాయి. అంటే పోలీసులకి ముందుగా కావాల్సినవే జ్ఞాపకంలో అన్నిటికన్నా పలచగా ఉంటాయి. ఆ ఖాళీని గదమాయించి పూడ్పిస్తే, పూడుతుంది గానీ ఊహలతో పూడుతుంది.

"ఎందుకు అరవలేదు?" అన్న ప్రశ్న ఇంకా ఘోరం. స్టాక్‌హోమ్‌లో అత్యాచార బాధితుల వైద్యకేంద్రానికి వచ్చిన 298 మంది మహిళల మీద చేసిన అధ్యయనం 2017లో వెలువడింది. వాళ్ళలో 70 శాతం మంది ఆ సమయంలో ఒళ్ళు కొయ్యబారిపోయిందని, కదలడం కూడా తమ చేతిలో లేకపోయిందని చెప్పారు. పిల్లి నోటికి చిక్కిన కోడిపిల్ల కదలకుండా పడిపోవడం మనకి తెలిసిందే. అలాంటిదే ఇదీ. ఆ మౌనం ఒప్పుకోలు కాదు, ఒంటి ప్రతిచర్య.

అయితే పోలీసులు కూడా బాధితుడితో కూర్చుని ఏడవాలా? అక్కర్లేదు. ఇక్కడ ఎదుటివాళ్ళ బాధని ఊహించే సహానుభూతికీ, ఆ బాధలో మనల్నే ఊహించుకోవడానికీ ఉన్న తేడా పనికొస్తుంది. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ బాట్సన్ బృందం 1997లో కొందరికి కష్టంలో ఉన్న ఒక అమ్మాయి గొంతు వినిపించింది. "ఆమెకెలా ఉందో ఊహించండి" అని కొందరికి చెప్పారు, "ఆమె చోట మీరే ఉంటే ఎలా ఉంటుందో ఊహించండి" అని మరికొందరికి. మొదటివాళ్ళకి ఆమె మీద పట్టింపు కలిగింది. రెండోవాళ్ళకి ఆ పట్టింపుతో పాటు సొంత కలవరమూ మొదలైంది. ఏట్లో తేలిన శవాల్నీ, రోడ్డు ప్రమాదాల్నీ వారంవారం చూసే కానిస్టేబులు ప్రతిచోటా తనని ఊహించుకుంటే నెగ్గుకురాలేడు. అందుకే చాలామంది తలుపేసుకుంటారు. బయటివాళ్ళకి అది కర్కశత్వంలా కనిపిస్తుంది.

మా పెద్దమ్మ విషయంలో ఆ తలుపు తీసింది ఒక కానిస్టేబులమ్మాయి. మర్నాడు పక్కన కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, "మళ్ళీ ఆ గట్టు మీద నడుస్తున్నాననుకోండమ్మా. ఏం వినబడుతోంది? నేనాపను, మీరు చెప్పండి" అంది. పెద్దమ్మ కళ్ళు మూసుకుంది. తూము దగ్గర నీళ్ళ చప్పుడు నుంచి మొదలుపెట్టింది. బండి ముందే ఒకసారి ఎదురొచ్చి వెనక్కి తిరిగిందని అప్పుడు గుర్తొచ్చింది. టాంకు మీద గోనెసంచి ఉందనీ, రేవు వైపు పోయారనీ చెప్పింది. ఆ అమ్మాయికి ఎవరైనా నేర్పారో, సొంత తెలివో గానీ, మనస్తత్వ శాస్త్రవేత్తలు రొనాల్డ్ ఫిషర్, ఎడ్వర్డ్ గైజెల్‌మన్ 1980లలో తయారుచేసిన విచారణ పద్ధతికి పునాది ఇదే: మనసులో ఆ చోటికి తీసుకెళ్ళడం, అడ్డు రాకపోవడం, గుర్తొచ్చిన వరుసలోనే చెప్పనివ్వడం. మామూలు విచారణ కన్నా ఇందులో సరైన వివరాలు ఎక్కువ వస్తాయని ఎన్నో ప్రయోగాల్లో తేలింది.

సహానుభూతికి ఒక జబ్బుంది. మనలాంటివాళ్ళ మీదే తేలిగ్గా పుడుతుంది. రొయ్యల చెరువు ఆసామి ఏరేటర్ మోటారు పోతే కుర్చీ దొరుకుతుంది, లంకల్లోంచి వచ్చిన కూలీ ఫోను పోతే అరుగే. కాబట్టి మనసుని నమ్ముకుంటే చాలదు, రూలు కూడా ఉండాలి. నరసాపురం–సఖినేటిపల్లి మధ్య గోదావరి దాటించే పంటు మీద జేబు కొట్టేస్తే ఏ గట్టు స్టేషనుకి వెళ్ళాలి? 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త నేర విచారణ చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, పోలీసులు నేరుగా కేసు కట్టదగ్గ నేరమైతే అది ఎక్కడ జరిగినా ఏ స్టేషనైనా ఫిర్యాదు రాసుకోవాల్సిందే. రాసింది చదివి వినిపించాలి, నకలు ఉచితంగా ఇవ్వాలి. "మా లిమిట్స్ కాదు" అనడానికి వీల్లేదు.

ఏర్పాటు మారితే పని మారుతుందని మధ్యప్రదేశ్‌లో 180 స్టేషన్లలో జరిగిన ప్రయోగం చెప్పింది. 2022లో ఫలితాలు వచ్చాయి. మహిళల హెల్ప్‌డెస్కులు పెట్టిన చోట, ముఖ్యంగా వాటిని మహిళా సిబ్బంది నడిపిన చోట, ఆడవాళ్ళ కేసుల నమోదు పెరిగింది. మన దగ్గరా రాష్ట్రంలో మహిళల మీద నేరాల కోసం పెట్టిన తొలి దిశ పోలీసు స్టేషన్ 2020 ఫిబ్రవరి 8న రాజమహేంద్రవరంలోనే తెరిచారు. బోర్డు మారడం ఒక రోజు పని. రైటరు అడిగే మొదటి ప్రశ్న మారడానికి మాత్రం చాలా ఏళ్ళు పడుతుందని నా అనుమానం.

పెద్దమ్మ గొలుసు దొరకలేదు. నెలన్నర తర్వాత సంతలో కొబ్బరికాయలు బేరమాడుతుండగా, ఆ బండి వెనక కూర్చున్నవాడి చేతికి కట్టుందని ఆవిడకి హఠాత్తుగా గుర్తొచ్చింది. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి తనంతట తనే స్టేషనుకి వెళ్ళింది. గేటు దగ్గర సెంట్రీని అడిగిన మొదటి మాట, "ఆ అమ్మాయి డ్యూటీలో ఉందా బాబూ?"