నడవని టెస్టు పాసా, ఫెయిలా?

కోడ్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే చిన్న ప్రోగ్రాములే టెస్టులు. ఎవరో వాటి ఫోల్డర్ పేరు మార్చారు. కాన్ఫిగరేషన్‌లో మాత్రం పాత పేరే ఉండిపోయింది. రాత్రి బిల్డ్ (కోడ్‌ని కూర్చి, టెస్టులు నడిపే ఆటోమేటిక్ పని) నడిచింది. దానికి టెస్టులేవీ దొరకలేదు, కాబట్టి ఒక్కటీ ఫెయిల్ కాలేదు. పొద్దున చూస్తే డాష్‌బోర్డు మీద ఆకుపచ్చ రంగు. సాఫ్ట్‌వేర్ పనిలో కొన్నేళ్లు గడిపినవాళ్లలో ఇలాంటిది చూడనివాళ్లు తక్కువ. ఫోల్డర్ పేరు సరిచేసి ముందుకు పోతాం. కానీ తప్పు అంతకన్నా లోపల ఉందని నా అభిప్రాయం. టెస్టు ఫలితాన్ని మనం కోడ్‌లో అవును, కాదు అని రెండే విలువలుగా రాసుకున్నాం. నడవని టెస్టుకి ఆ రెంటిలోనూ చోటు లేదు. చోటు లేనప్పుడు అది చాలాసార్లు పాస్ లెక్కలో కలిసిపోతుంది.

ఈ అలవాటు యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం నుంచి వచ్చింది. అక్కడ ప్రతి ప్రోగ్రామూ ముగిసేటప్పుడు ఒక అంకె వదిలి వెళ్తుంది. 0 అయితే పని సవ్యంగా జరిగినట్టు, ఇంకేదైనా అయితే ఏదో తేడా వచ్చినట్టు. ఒక ఫైలు కాపీ చేసే కమాండ్‌కి అది సరిపోతుంది. కానీ టెస్టు ప్రోగ్రాం ఒకే పరుగులో వందల ప్రశ్నలు అడుగుతుంది. వాటన్నిటి జవాబూ ఒక్క అంకెలో పట్టదు.

దీనికి చక్కటి విరుగుడు చాలా ముందే దొరికింది. 1987 డిసెంబరులో లారీ వాల్ పెర్ల్ భాష మొదటి వెర్షన్ విడుదల చేసినప్పుడు, దానితోపాటే దాని టెస్టులూ వచ్చాయి. ఒక్కో టెస్టు ఫైలు ముందుగా ‘1..4’ అని ఒక లైను రాస్తుంది. ఆ తర్వాత ‘ఓకే 1’, ‘నాట్ ఓకే 2’ అంటూ వరసగా చెప్పుకుపోతుంది. చూడ్డానికి చిన్నపిల్లల లెక్కలా ఉంటుంది గానీ, ఆ మొదటి లైనులోనే తెలివంతా ఉంది. నేను నాలుగు టెస్టులు నడపబోతున్నాను అని ప్రోగ్రాం ముందే మాట ఇస్తోంది. మూడో దాని దగ్గర అది కుప్పకూలితే, నాలుగోది రాలేదని చదివేవాళ్లకి తెలిసిపోతుంది. బడిలో హాజరు పట్టీ లాంటిది ఇది. పేర్లు ముందే రాసి ఉంటేనే ఎవరు రాలేదో తెలుస్తుంది. వచ్చినవాళ్లనే లెక్కపెడితే ఆ సంగతి ఎప్పటికీ బయటపడదు. ఈ పద్ధతికి తర్వాత టెస్ట్ ఎనీథింగ్ ప్రోటోకాల్ అని పేరు స్థిరపడింది. దాన్నుంచి పుట్టిన రూపాన్నే ఇవాళ లైనక్స్ ఆపరేటింగ్ సిస్టంకి గుండెలాంటి కెర్నల్ కూడా వాడుతోంది. ఆ లైన్లను చదివే కెర్నల్ పార్సర్ కోడ్‌లో పాస్, ఫెయిల్, స్కిప్ (నడపకుండా వదిలేయడం) అనేవాటితోపాటు ‘మధ్యలో క్రాష్ అయింది’, ‘టెస్టులే లేవు’ అనే స్థితులకి విడి విలువలు ఉన్నాయి.

యూనిక్స్ తరహా సిస్టమ్‌ల కోసం పెట్టిన పోసిక్స్ ప్రమాణాల్లో 1991లో వచ్చిన 1003.3 ఇంకో దారి పట్టి ఏకంగా అయిదు ఫలితాలు పెట్టింది: పాస్, ఫెయిల్, అన్‌రిజాల్వ్‌డ్, అన్‌టెస్టెడ్ (పరీక్షించనిది), అన్‌సపోర్టెడ్ (ఆ సిస్టంలో ఆ సదుపాయమే లేనిది). వీటిలో అన్‌రిజాల్వ్‌డ్ అంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. టెస్టు నడిచింది, కానీ ఫలితం ఇదీ అని తేల్చలేకపోయింది, ఒక మనిషి వచ్చి చూడాలి అని దాని అర్థం. తెలియనిదాన్ని తెలియదని నమోదు చేయడానికి ఒక మాట కల్పించారన్నమాట. జీసీసీ కంపైలర్ (కోడ్‌ని యంత్రభాషలోకి మార్చే ప్రోగ్రాం) టెస్టులకి వాడే డెజాగ్నూ అనే టూల్ ఈ అయిదింటినీ తీసుకుని, వాటికి ఎక్స్‌ఫెయిల్, ఎక్స్‌పాస్ కలిపింది. ఫెయిలవుతుందని మనకి ముందే తెలిసిన టెస్టు ఎక్స్‌ఫెయిల్. అది ఒకరోజు హఠాత్తుగా పాసైతే ఎక్స్‌పాస్. అప్పుడు బగ్ ఎవరైనా సరిచేశారా, లేక టెస్టే పాడైందా అని చూడాల్సి వస్తుంది. అంటే కొన్ని పాస్‌లని కూడా అనుమానించాలి.

ఇంత సూక్ష్మంగా ఆలోచించిన పద్ధతి ఉన్నా, ఎక్కువమందికి చేరింది మాత్రం జావా భాషలో టెస్టులు రాయడానికి వాడే జేయూనిట్. 1997లో కెంట్ బెక్, ఎరిక్ గామా జూరిక్ నుంచి అట్లాంటాకి విమానంలో వెళ్తూ దాన్ని రాయడం మొదలుపెట్టారు. అందులో ఫెయిల్యూర్ వేరు, ఎర్రర్ వేరు. మనం సరిచూసిన విలువ తప్పితే ఫెయిల్యూర్. టెస్టు నడుస్తుండగా మనం ఊహించని ఎక్సెప్షన్ (పనిని ఆపేసే అడ్డంకి) ఏదైనా వస్తే ఎర్రర్. 2006లో వచ్చిన జేయూనిట్ 4 ఈ తేడాని తీసేసింది. అయినా జావా ప్రోగ్రాములని బిల్డ్ చేసే యాంట్ టూల్, ఎక్స్‌ఎంఎల్ అనే ఫైలు రూపంలో రాసే రిపోర్టులో రెండూ మిగిలాయి. అధికారిక ప్రమాణమంటూ లేకుండానే ఆ ఎక్స్‌ఎంఎల్ అన్ని భాషలకీ పాకింది. బిల్డులని తనంతట తానే నడిపే, మొదట్లో హడ్సన్ అని పిలిచిన జెంకిన్స్ దాన్ని చదివి, కోడ్ కంపైలైనా టెస్టులు పోతే ‘అన్‌స్టేబుల్’ అని పసుపు రంగు చూపించేది. ఎరుపుకీ విజయానికీ మధ్య అలా ఒక మెట్టు వచ్చింది.

స్కిప్ దగ్గర మాత్రం మన వాళ్లు తరచూ దెబ్బ తింటారు. హైదరాబాద్ అమీర్‌పేటలో సెలీనియం (బ్రౌజర్‌లో టెస్టులు నడిపే టూల్) కోర్సు చేసినవాళ్లకి, జావా టెస్టులకి వాడే టెస్ట్‌ఎన్‌జీ బాగా పరిచయం. అందులో ఫలితాలు అంకెలుగా ఉంటాయి: సక్సెస్ 1, ఫెయిల్యూర్ 2, స్కిప్ 3. (యూనిక్స్‌లో 1 అంటే ఫెయిల్, ఇక్కడ 1 అంటే పాస్. ఈ రెండింటినీ కలిపే స్క్రిప్టు రాసేవాళ్లు జాగ్రత్తగా ఉండాలి.) టెస్టుకి ముందు జరగాల్సిన సెటప్ పడిపోతే, దానిమీద ఆధారపడ్డ టెస్టులన్నీ మామూలుగా స్కిప్ అవుతాయి. లాగిన్ పనిచేయక రెండు వందల టెస్టులు నడవకపోయినా, ఫెయిల్యూర్ల కాలమ్ ఒక్కటే చూసే స్క్రిప్టుకి అక్కడ సున్నా కనిపిస్తుంది. కావాలని పక్కన పెట్టిన టెస్టుదీ, నడవలేక ఆగిపోయిన టెస్టుదీ ఒకే అంకె. ఇది నాకు అసలు నచ్చని విషయం. రిలీజ్ రోజు టెన్షన్‌లో ఆ తేడా వెతికే ఓపిక ఎవరికి ఉంటుంది?

ఫ్లేకీ టెస్టులు ఈ చిక్కుని ఇంకా పెంచాయి. కోడ్ మారకపోయినా అవి ఒకసారి పాసవుతాయి, ఒకసారి ఫెయిలవుతాయి. తమ టెస్టుల్లో దాదాపు 16 శాతానికి ఈ గుణం ఎంతో కొంత ఉందని గూగుల్ 2016లో చెప్పింది. పాస్ నుంచి ఫెయిల్‌కి మారిన సందర్భాల్లో 84 శాతం వీటితో ముడిపడినవేనట. మళ్లీ నడిపి, చివరికి వచ్చిన పాస్‌ని మాత్రమే రాసుకుంటే మొదటి ఫెయిల్ ఆనవాలే ఉండదు. అందుకే గూగుల్ బిల్డ్ టూల్ బేజెల్ ‘ఫ్లేకీ’ అని ఒక స్థితినే పెట్టింది. జావా టెస్టులు నడిపే మావెన్ ష్యూర్‌ఫైర్ కూడా రెండోసారి పాసైన టెస్టు తాలూకు పాత ఫెయిల్‌ని రిపోర్టులో ఉంచుతుంది.

మొదట చెప్పిన ఖాళీ బిల్డ్ సంగతికొస్తే, పైథాన్ భాషలో టెస్టులు రాయడానికి యూనిట్‌టెస్ట్ మాడ్యూల్ 2001 నుంచి ఉంది. టెస్టులేవీ దొరక్కపోతే అది ‘0 టెస్టులు నడిచాయి’ అని, కిందనే ‘ఓకే’ అని రాసి, 0తో ముగిసేది. పైథాన్‌కే ఉన్న మరో టెస్టు టూల్ పైటెస్ట్ ఆ సందర్భానికి 5 అనే విడి అంకె వాడుతూ వచ్చింది. 2023 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.12లో యూనిట్‌టెస్ట్ కూడా అదే దారి పట్టింది. ఇప్పుడది ‘ఓకే’ బదులు ‘టెస్టులేవీ నడవలేదు’ అని రాసి, 5తో ముగుస్తుంది. ఆ వెర్షన్‌కి మారిన రోజున, అప్పటిదాకా ఆకుపచ్చగా ఉన్న ఖాళీ బిల్డ్ ఎరుపు చూపిస్తుంది.