బడి గడియారం, బృహస్పతి, పల్సార్లు

"పల్సార్ టిక్కు ఆలస్యంగా వచ్చిందంటే గురుత్వ తరంగం వల్లేనని ఎలా చెప్తారు పెదనాన్నా? మన గడియారమే తప్పేమో!" అని మా తమ్ముడి కూతురు అడిగింది. అసలు ప్రశ్న అదే. పల్సార్ అంటే గిర్రున తిరుగుతూ, గడియారంలా క్రమం తప్పకుండా రేడియో టిక్కులు పంపే చచ్చిన నక్షత్రం. గురుత్వ తరంగమంటే చోటునే సాగదీస్తూ, కుదిస్తూ పోయే అల.

ఇక్కడ ఆలస్యమంటే సెకనులో కోటో వంతు లెక్క. అంతలో వెలుతురు 30 మీటర్లు పోతుంది. ఇక ఈ రకం తరంగంలో ఒక్క అల దాటిపోవడానికే ఏళ్లు పడుతుంది.

ఒక బడి ఉందనుకోండి. నాలుగు దిక్కుల ఊళ్ల నుంచి పిల్లలు రోజూ సరిగ్గా వేళకి వస్తారు. ఒకరోజు అందరూ ఒక్క నిమిషం ఆలస్యం. పిల్లల తప్పు కాదు, బడి గడియారం ముందుకెళ్లింది. ఇంకోరోజు తూర్పు వాళ్లు ముందొచ్చారు, పడమటి వాళ్లు ఆలస్యం. అంటే బడే తూర్పుకి జరిగింది!

ఇది నిజంగా జరిగే పొరపాటే. పల్సార్ టిక్కు సౌరకుటుంబ ద్రవ్యకేంద్రానికి, అంటే సూర్యుడూ గ్రహాలూ అన్నీ కలిపి తూగే బిందువుకి, ఎప్పుడు చేరుతుందో లెక్కేస్తారు. అదే మన బడి, టిక్కులే పిల్లలు. బృహస్పతి లాగడం వల్ల ఆ కేంద్రం తరచూ సూర్యుడి ఉపరితలం బయటే పడుతుంది. బృహస్పతి కక్ష్యలో మన అంచనా కాస్త తప్పినా బడి జరిగినట్టే. పుష్కరాలు జరుపుకునే మనకి ఆయన చుట్టు దాదాపు 12 ఏళ్లని తెలుసు. అలల కాలమూ ఏళ్లలోనే కాబట్టి ఒకటి చూసి మరొకటి అనుకోవచ్చు. బృహస్పతి జాతకాలు మారుస్తాడని నేను నమ్మను. ఈ లెక్కని మాత్రం మార్చగలడు.

మరి తూర్పు, పడమర వాళ్లు కలిసి ముందొచ్చి, ఉత్తర, దక్షిణాల వాళ్లు కలిసి ఆలస్యమైతే? గడియారం తప్పినా, బడి జరిగినా ఇలా జరగదు. చోటే ఒకవైపు కుంచించుకుని, అడ్డంగా సాగింది. గురుత్వ తరంగం చేసే పని అదే. రెండు పల్సార్లు ఒకే దిక్కున ఉంటే వాటి ఆలస్యాల పోలిక (అవి ఎంత కలిసి నడుస్తాయన్న కొలత) 0.5, సుమారు 82 డిగ్రీల ఎడంలో మైనస్ 0.15, ఎదురెదురుగా ఉంటే మళ్లీ 0.25 అని 1983లో హెలింగ్స్, డౌన్స్ అనే శాస్త్రవేత్తలు లెక్కగట్టారు.

2023 జూన్‌లో అమెరికా బృందం నానోగ్రావ్ 15 ఏళ్ల కొలతలు బయటపెట్టింది. 67 పల్సార్లు, అంటే 2,211 జతలు. వాటి పోలికలు ఆ లెక్క వెంటే నడిచాయి! ఇది కాకతాళీయం కాదని పూర్తిగా ఖాయం చేయడానికి శాస్త్రవేత్తలు పెట్టుకున్న గీటురాయి, 5 సిగ్మా, అప్పటికి రాలేదు. అయినా అప్పుడే ఆస్ట్రేలియా, చైనా బృందాలూ, యూరప్‌తో కలిసి మన దేశమూ ఇలాంటి ఆనవాళ్లే చూపించాయి. మన బృందంలో హైదరాబాద్ ఐఐటీ వాళ్లూ ఉన్నారు.

మనవాళ్ల పరికరం పుణె దగ్గర ఖొడద్‌లోని జీఎంఆర్‌టీ అనే రేడియో టెలిస్కోపు, 45 మీటర్ల డిష్‌లు 30. బడి దారిలో బురద ఉన్నట్టు, నక్షత్రాల మధ్య ఎలక్ట్రాన్లు రేడియో తరంగాలని నిదానం చేస్తాయి. ఫ్రీక్వెన్సీ సగమైతే ఆ ఆలస్యం నాలుగు రెట్లు. అందుకే తక్కువ ఫ్రీక్వెన్సీలు పట్టే జీఎంఆర్‌టీలో ఆ బురద బాగా కనబడుతుంది. దాన్ని కొలిచి, తీసేశాకే పిల్లల హాజరు చూస్తారు.