మామయ్య దవడలో కాలి ఎముక

చిన్నీ, బుజ్జీ,

మొన్న ఆసుపత్రి వరండాలో మీరు అడిగారు కదా, "దవడకు ఆపరేషన్ అయితే మామయ్య కాలికి కట్టెందుకు అమ్మమ్మా?" అని. అప్పుడు గొంతు పెగల్లేదు. ఇప్పుడు చెబుతాను.

మామయ్యకు వచ్చిన గడ్డను అమెలోబ్లాస్టోమా అంటారు. అరుదుగా వస్తుంది. పంటికి ఎనామిల్ పొర కట్టే కణాల జాతిలో పుట్టి, ఎక్కువగా కింది దవడలో వెనకపళ్ల దగ్గర పెరుగుతుంది. సాధారణంగా క్యాన్సర్‌లా ఒళ్లంతా పాకదు గానీ, ఉన్నచోటే ఎముకను తినేస్తుంది. పైగా నొప్పి ఉండదు. రెండేళ్లు వాడి బుగ్గ నిండుగా ఉంటే ఒళ్లు చేశాడని మురిసిపోయాం. ఎక్స్‌రేలో చూస్తే సబ్బు నురగలా గదులు గదులు!

గడ్డ వరకు గీకి తీసేస్తే చాలదా అని నేనే డాక్టరుగారిని అడిగాను. అలా తీస్తే చాలామందికి మళ్లీ వస్తుందట. ఎక్స్‌రేకు అందని కణాలు పక్క ఎముకలో దాగి ఉంటాయి. అందుకే గడ్డ అంచు దాటి సెంటీమీటరు నుంచి రెండు సెంటీమీటర్ల మంచి ఎముకను కూడా కోస్తారు. ఆ మాట మింగుడు పడడానికి నాకు వారం పట్టింది.

మరి ఆ ఖాళీ? మోకాలి కింద రెండు ఎముకలుంటాయి. లావుపాటిది బరువు మోస్తుంది. పక్కనున్న సన్నటి ఫిబులా మధ్యభాగం తీసినా మనిషి నడవగలడు. దాన్ని రక్తనాళాలతో సహా తీసి, ముక్కలు చేసి, దవడ వంపులో పేర్చి, టైటానియం ప్లేటుకు బిగిస్తారు. ఆ నాళాలను మైక్రోస్కోపు కింద మెడలోని నాళాలకు కుడతారు. దవడకు ఈ పద్ధతిని 1989లో అమెరికా సర్జన్ డేవిడ్ హిడాల్గో ప్రకటించారు.

మొదటి రాత్రి నర్సమ్మ గంటగంటకూ పెన్నులాంటి డాప్లర్ ఆనించేది. "హుష్, హుష్" అని వినబడితే రక్తం పారుతున్నట్టు. ఆ చప్పుడు కోసం ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.

కింది పెదవి మొద్దుబారింది. పళ్లు తర్వాత పెడతారు. గడ్డ తిరిగి రాలేదని చూసుకోవడానికి ఏళ్ల తరబడి ఆసుపత్రికి వెళ్తూనే ఉండాలి.

ఆదివారం వచ్చేటప్పుడు మీ పలక, బలపం తెండి. వాడింకా మాట్లాడలేడు, మీతో చెప్పాల్సినవి చాలా ఉన్నాయట.

మీ అమ్మమ్మ