టెక్సాస్ స్వాతంత్ర్య పోరాటం అలామోతో మొదలు కాలేదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

టెక్సాస్‌లో ఏడో తరగతి పిల్లలకు ఈ రాష్ట్ర చరిత్ర చెప్పే టీచర్‌ని. డల్లాస్, హ్యూస్టన్ నుంచి శాన్ ఆంటోనియో వచ్చే మన తెలుగు కుటుంబాలు 1836లో మెక్సికోతో జరిగిన స్వాతంత్ర్య యుద్ధంలో ముట్టడికి గురైన పాత కట్టడం అలామో ముందు ఫొటో దిగి, రివర్ వాక్ చూసుకుని వెళ్లిపోతుంటాయి. వాళ్ల దగ్గర తరచూ వినే మాటలివి.

అపోహ: అలామోను కోటగానే కట్టారు.

వాస్తవం: 1718లో ఫ్రాన్సిస్కన్ మతగురువులు స్థాపించిన మిషన్ అది, అంటే స్థానిక తెగలను క్రైస్తవంలోకి తెచ్చే మత కేంద్రం. అసలు పేరు శాన్ ఆంటోనియో దె వలేరో. 1793లో మిషన్‌ను ఎత్తేశారు. తర్వాత అక్కడ దిగిన గుర్రపు దళం సొంతూరి పేరే అలామోగా నిలిచింది.

అపోహ: స్పెయిన్ ఏలుబడిలోని ఈ సరిహద్దు ప్రాంతంలో బతికింది స్పెయిన్ దొరలు.

వాస్తవం: స్పెయిన్‌లో పుట్టినవాళ్లు చాలా తక్కువ. సైనికుల్లో ఎక్కువమంది ఉత్తర మెక్సికోలో పుట్టినవాళ్లు, మిశ్రమ సంతతివాళ్లు. 1731లో కానరీ దీవుల నుంచి 56 మంది వచ్చి శాన్ ఫెర్నాండో పట్టణం కట్టుకున్నారు. మిషన్లలో కష్టపడింది మాత్రం స్థానిక తెగలవాళ్లు. అపాచీ తెగ దాడులకు, ఆకలికి తాళలేక చాలామంది వచ్చి చేరారు. చెప్పకుండా వెళ్లిపోతే సైనికులు వెతికి వెనక్కి తెచ్చేవాళ్లు. మశూచి వాళ్లలో ఎంతోమందిని పొట్టన పెట్టుకుంది. వాళ్లు తవ్విన ఎస్పాడా కాలువలో ఈరోజుకీ నీళ్లు పారుతున్నాయి. అప్పట్లో ఇక్కడ కూడా మన పంటకాలువల మీద లాగే వంతులవారీగా నీళ్లు పెట్టుకునేవారు. అలామోకు వచ్చినవాళ్లందరినీ అక్కడికీ వెళ్లమని బతిమాలుతుంటాను.

అపోహ: స్పెయిన్ కొమాంచీ తెగను అణచివేసింది.

వాస్తవం: లేదు. 1758లో కొమాంచీలు, వాళ్ల మిత్ర తెగలు కలిసి శాన్ సబా మిషన్‌ను తగలబెట్టారు. చివరికి 1785లో ఏటా కానుకలిచ్చే ఒప్పందంతో స్పెయిన్ రాజీకి వచ్చింది.

అపోహ: స్వాతంత్ర్యం మాట 1836లోనే వినబడింది.

వాస్తవం: నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. 1810 సెప్టెంబరు 16న మెక్సికోలోని డోలోరెస్‌లో ఇదాల్గో అనే మతగురువు స్పెయిన్ పాలన మీద తిరగబడమని పిలుపునిచ్చాక, నాలుగు నెలలకే శాన్ ఆంటోనియోలో హువాన్ బౌతిస్తా దె లాస్ కాసాస్ స్పెయిన్ గవర్నర్‌ను బంధించాడు. ఆ తిరుగుబాటు నిలవలేదు, అతన్ని కాల్చి చంపారు. 1812లో మెక్సికో తిరుగుబాటుదారు గుతియెరెస్ దె లారా అమెరికన్ వాలంటీర్లతో కలిసి, లూసియానా వైపు నుంచి సబైన్ నది దాటి వచ్చాడు. ఊళ్లలోని తెహానోలు (స్పానిష్ మాట్లాడే టెక్సాస్‌వాసులు), స్థానిక తెగలవాళ్లు కూడా చేరారు. శాన్ ఆంటోనియో వాళ్ల చేతికి చిక్కింది. 1813 ఏప్రిల్ 6న స్పెయిన్ నుంచి స్వాతంత్ర్యం ప్రకటించారు.

దాన్ని నాలుగున్నర నెలలు కూడా నిలవనివ్వలేదు. ఆగస్టు 18న మదీనా యుద్ధంలో స్పెయిన్ రాజు సేనాని ఆరెదోండో సైన్యం వాళ్లను తుడిచిపెట్టింది. సుమారు 1,400 మందిలో ప్రాణాలతో బయటపడింది 100 మంది కన్నా తక్కువే. తర్వాత ఊరి ఆడవాళ్లను లా క్వింటా అనే ఇంట్లో నిర్బంధించి, రాజు సైన్యానికి మొక్కజొన్న రొట్టెలు చేయించారు. చనిపోయినవాళ్ల ఎముకలు 1822 దాకా ఆ ఇసుకనేలలోనే పడి ఉన్నాయి. మెక్సికోకు స్వాతంత్ర్యం వచ్చాకే వాటిని ఏరి పూడ్చారు.

ఆ రోజు ఆరెదోండో వైపున్న కుర్ర అధికారి శాంతా అన్నా. 1836లో మెక్సికో సైన్యాధిపతిగా అలామోను ముట్టడించింది అతనే. అదే ఏడాది టెక్సాస్ స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టిన శాన్ ఆంటోనియోవాసి హోసే ఫ్రాన్సిస్కో రూయిస్, మదీనాలో ఓడి లూసియానాకు పారిపోయి, ఏళ్ల తరబడి ప్రవాసంలో బతికినవాడు.