నౌరు దేశం: యూట్యూబ్ కథలు, అసలు సంగతులు

డిగ్రీ పిల్లలకు ఎకనామిక్స్ చెబుతాను. సహజ వనరుల పాఠం వచ్చిందంటే నౌరు గురించి ఎవరో ఒకరు అడుగుతారు, "డబ్బెక్కువై పాడైపోయిన దేశం కదా సార్" అని. పసిఫిక్ మధ్యలో 21 చదరపు కిలోమీటర్ల దీవి, జనాభా 12 వేల దాకా. ఆ మాటలో కొంత నిజముంది. కానీ ఆ కొంతే పట్టుకుని ఓ జాతి మొత్తాన్ని సోమరులని తేల్చేస్తుంటే నాకు బాధేస్తుంది.

అపోహ: ఫాస్ఫేట్ (ఎరువుల తయారీకి వాడే ఖనిజం) అమ్మగా వచ్చిన సొమ్మంతా నౌరు వాళ్లే తగలేశారు.

వాస్తవం: 1899లో సిడ్నీలోని ఒక కంపెనీ ఆఫీసులో తలుపు మూసుకుపోకుండా ఓ రాయి అడ్డం పెట్టేవారు. నౌరు నుంచి తెచ్చిన రాయి, రాయిగా మారిన చెక్క అనుకున్నారు. అక్కడ పనిచేసే ఆల్బర్ట్ ఎల్లిస్ అనుమానం వచ్చి పరీక్ష చేయిస్తే మేలైన ఫాస్ఫేట్ అని తేలింది. అప్పుడు దీవి జర్మనీ ఏలుబడిలో ఉంది. తవ్వకం మొదలైన కొన్నేళ్లకే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి అది ఆస్ట్రేలియా చేతికి పోయింది, ఆ తర్వాత బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ మూడూ కలిసి బ్రిటిష్ ఫాస్ఫేట్ కమిషనర్స్ అని ఓ సంస్థ పెట్టి, ఆ ఎరువును మార్కెట్ రేటుకు కాకుండా చౌకగా తమ రైతులకే పంపించుకున్నాయి. భూమి సొంతదారుకు మొదట్లో దక్కింది టన్నుకు అర పెన్నీ. 1968లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఫాస్ఫేట్ భూముల్లో సుమారు మూడో వంతు తవ్వేశారు.

ఆ రోజుల్లోనే జరిగిన ఇంకో ఘోరం ఏ యూట్యూబ్ వీడియోలోనూ కనపడదు. రెండో ప్రపంచ యుద్ధంలో దీవిని ఆక్రమించిన జపాన్ సైన్యం 1,200 మందిని చూక్ దీవులకు తరలించి వెట్టిచాకిరీ చేయించింది. 1946 జనవరి 31న తిరిగొచ్చింది 737 మంది. స్వాతంత్ర్య దినం కూడా జనవరి 31నే పెట్టుకున్నారు.

అపోహ: తవ్విన చోట మళ్లీ మట్టి పోసుకుంటే సరిపోయేది.

వాస్తవం: ఫాస్ఫేట్ ఉండేది సున్నపురాయి స్తంభాల సందుల్లో. అది తోడేశాక మిగిలేవి మనిషికి రెండు మూడింతల ఎత్తున మొనదేలిన బూడిదరంగు రాళ్లు. వాటి మధ్య నడవడమే కష్టం, ఇక సాగు ఎక్కడ? దీవి మధ్యభాగమంతా ఇలాగే ఉంది, ఊళ్లు తీరం వెంట సన్నటి పట్టీలో ఇరుక్కున్నాయి. 1960ల్లో ఆస్ట్రేలియా వాళ్లు, మీరంతా మా క్వీన్స్‌లాండ్ దగ్గరి కర్టిస్ దీవికి వచ్చేయండి అన్నారు. అక్కడ సొంత పాలన దక్కదని తెలిసి నౌరు వాళ్లు వద్దన్నారు. తవ్వి పాడుచేసిన భూమికి పరిహారం కోసం 1989లో ఆస్ట్రేలియా మీద అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లారు కూడా, 1993లో 10.7 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లకు రాజీ కుదిరింది. అంత చిన్న దేశం అంత దూరం వెళ్లి నిలబడిందంటే నాకు చాలా గౌరవం.

అపోహ: వాళ్ల తప్పేం లేదు, అంతా వలస పాలకులదే.

వాస్తవం: ఇదీ సరికాదు. 1970 నుంచి గనులు వాళ్ల చేతికే వచ్చాయి, తలసరి ఆదాయంలో ప్రపంచంలోనే ముందు వరసలో నిలిచారు. పన్నుల్లేవు. మెల్‌బోర్న్‌లో 52 అంతస్తుల నౌరు హౌస్ కట్టారు, విమానాలు కొన్నారు. 1981లో మన ఒడిశా పారదీప్ ఎరువుల ఫ్యాక్టరీలోనూ భారత ప్రభుత్వంతో కలిసి వాటా పెట్టారని చాలామందికి తెలియదు, 1993లో ఆ వాటా వదులుకున్నారు. ఫాస్ఫేట్ తగ్గుతున్నా ఖర్చు తగ్గించలేదు, ఆస్తులు తాకట్టు పెట్టి అప్పులు చేశారు, లెక్కలు జనానికి చెప్పలేదు. 2004లో నౌరు హౌస్ కూడా అమ్ముడుపోయింది. ఇది పాలకుల వైఫల్యం, జాలరి కుటుంబాలది కాదు.

అపోహ: ఇప్పుడక్కడ ఆదాయమే లేదు.

వాస్తవం: ఉంది. ఒకటి, తన దగ్గరికి ఆశ్రయం కోరి వచ్చే శరణార్థులను అక్కడ ఉంచినందుకు ఆస్ట్రేలియా ఇచ్చే డబ్బు. ఆ సొమ్ము ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రా రాజకీయాల మీద ఆధారపడింది కాబట్టి దాన్ని నమ్ముకోవడం ప్రమాదమే. రెండోది ట్యూనా చేపలు. 1982లో నౌరులో కుదిరిన ఒప్పందం కింద ఇప్పుడు ఎనిమిది దేశాలు కలిసి, విదేశీ పడవలు తమ జలాల్లో వేట చేసే ప్రతి రోజుకూ కనీసం 8,000 అమెరికన్ డాలర్లు వసూలు చేస్తున్నాయి. విడివిడిగా బేరమాడితే వాళ్లకు ఆ రేటు వచ్చేది కాదు.