నైలాన్‌కు పొలం ఇచ్చిన సరుకు

ప్రియమైన పిల్లలూ,

నైలాన్ పెట్రోలియం నుంచి వస్తుందని మీ పుస్తకాల్లో ఉంటుంది. నిజమే. కానీ ఒకప్పుడు దానికి కావాల్సిన ముడిసరుకులో కొంత మొక్కజొన్న బెండ్ల నుంచి, ఓట్స్ పొట్టు నుంచి వచ్చింది. ఆ సంగతి మీకు తెలియాలని ఈ ఉత్తరం.

అమెరికాలో అయోవా రాష్ట్రంలోని సీడర్ రాపిడ్స్‌లో క్వేకర్ ఓట్స్ మిల్లు ఉంది. అక్కడ పొట్టు గుట్టలుగా మిగిలేది. దాన్ని పశువులకు అరిగే మేతగా మారుద్దామని చూస్తూ, చివరికి ఫర్ఫ్యురాల్ అనే రసాయనం వైపు మళ్లారు. 1922లో అమ్మకానికి తయారుచేయడం మొదలైంది.

మొక్క కణాల గోడల్లో హెమిసెల్యులోజ్ అనే పదార్థం ఉంటుంది. పొట్టుకు కొద్దిగా సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి, ప్రెషర్ మీద ఆవిరి పట్టిస్తే అది విడిపోయి జైలోజ్ అనే చక్కెర అవుతుంది. జైలోజ్ అణువులోంచి 3 నీటి అణువులు పోతే మిగిలేదే ఫర్ఫ్యురాల్. అంటే 150 కిలోల జైలోజ్ నుంచి ఎంత బాగా చేసినా 96 కిలోలకు మించి రాదు. పైగా తయారైన ఫర్ఫ్యురాల్‌ను ఆ వేడిలోనే వదిలేస్తే నల్లటి బంకగా పాడైపోతుంది. అందుకే పుట్టింది పుట్టినట్టే ఆవిరితో బయటికి లాగేస్తారు. ఈ పనిలో అసలు నేర్పంతా అక్కడే ఉందని నా నమ్మకం.

1940లలో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీ ఈ ఫర్ఫ్యురాల్‌తోనే నైలాన్ ముడిసరుకు చేసింది. తర్వాత పెట్రోలియం నుంచి వచ్చే బ్యూటడైన్ అనే రసాయనం చవకైంది, నైలాన్‌కు దాన్నే వాడడంతో ఆ దారి మూతపడింది. అయినా ఫర్ఫ్యురాల్ పోలేదు. ఇంజిన్ ఆయిల్ శుద్ధికి వాడతారు. లోహం కరిగించి పోతపోసే ఫౌండ్రీల్లో ఇసుక అచ్చులను గట్టిపరిచే రెసిన్ అనే జిగురు పదార్థం దీని నుంచే వస్తుంది. ఇప్పుడు ప్రపంచంలో ఎక్కువ భాగం చైనాలో, మొక్కజొన్న బెండ్ల నుంచే తీస్తున్నారు. మన దేశంలో అస్సాంలోని నుమాలీగఢ్‌లో వెదురు నుంచి ఇథనాల్‌తోపాటు దీన్నీ తీసేలా ఫ్యాక్టరీ కట్టారు.

మరి మన తెలుగు నేల మీద మొక్కజొన్న బాగా పండుతుంది కదా, ఇబ్బందేంటి? బెండ్లు తేలిక, లారీ నిండినా బరువు తూగదు. అవి ఊరూరా చెదిరి ఉంటాయి, కోతల సీజన్‌లోనే దొరుకుతాయి. ఓట్స్ మిల్లుకు ఆ టెన్షన్ లేదు, పొట్టంతా ఒక్కచోటే పడేది. కాబట్టి కెమిస్ట్రీ చదివే మీలో ఎవరైనా చిన్న యంత్రాన్ని బెండ్ల దగ్గరికే తేగలరేమో ఆలోచించండి. రైతుకు టన్నుకు ఎంత ముడుతుందో కూడా ఆ లెక్కలోనే వేయండి.

మీ తాతయ్య