రీమ్యాప్ చేస్తే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఎంత తట్టుకుంటుంది? అపోహలు – వాస్తవాలు

రీమ్యాప్ (బలం పెంచడానికి ఇంజిన్ కంప్యూటర్‌లోని ప్రోగ్రామ్ మార్చడం) చేయించాలనుకునేవాళ్లు ముందు అడిగేది ఎన్ని హార్స్‌పవర్ పెరుగుతుందని. గేర్‌బాక్స్ గుర్తొచ్చేది బండి వణకడం మొదలయ్యాకే. అప్పటికి ఖర్చు చేయి దాటిపోయి ఉంటుంది. కంపెనీ ఇచ్చిన బాక్సును విప్పకుండా ఎంతవరకు పోవచ్చో చూద్దాం.

అపోహ: ఆటోమేటిక్ నాజూకు, మాన్యువలే మొండిది.

2021 ఫార్చ్యూనర్ 2.8 డీజిల్‌లో మాన్యువల్‌కు ఇచ్చిన టార్క్ (ఇంజిన్ మెలితిప్పే బలం) 420 ఎన్‌ఎం (న్యూటన్ మీటర్లు), ఆటోమేటిక్‌కు 500. థార్ పెట్రోల్‌లో మాన్యువల్‌కు 300, ఆటోమేటిక్‌కు 320. ఇంజిన్ ఒకటే, ఎక్కువ బలం ఆటోమేటిక్‌కే వదిలారు. ఈ ఆటోమేటిక్‌లలో క్లచ్‌కు బదులుండే టార్క్ కన్వర్టర్‌లో ఇంజిన్‌కీ గేర్లకీ మధ్య ఆయిల్ ఉంటుంది, కుదుపును అది మింగేస్తుంది.

దీనికి ఎదురు లెక్క కూడా ఉంది. 2016లో వచ్చిన స్కోడా సూపర్బ్ 1.8 టీఎస్‌ఐ రెండింటిలోనూ 180 పీఎస్ (మెట్రిక్ హార్స్‌పవర్). కానీ మాన్యువల్‌లో 320 ఎన్‌ఎం, ఆటోమేటిక్‌లో 250. ఆ ఆటోమేటిక్ బాక్స్ కోడ్ డీక్యూ200, అంటే డ్రై క్లచ్ (ఆయిల్‌లో మునగని క్లచ్) ఉన్న డీఎస్‌జీ, రెండు క్లచ్‌ల బాక్స్. దాని హద్దు 250. అందుకే ఇంజిన్‌కు కంపెనీయే కళ్లెం వేసింది. ఆ కళ్లెం తీసేసే రీమ్యాప్ ఎంత చవగ్గా దొరికినా వద్దనే చెబుతాం.

పేరులోని అంకెను నమ్ముకోకండి. డీక్యూ200 హద్దు 250 అయితే, డీక్యూ250 హద్దు 350. గేర్‌బాక్సులు చేసే జెడ్‌ఎఫ్ కంపెనీ వాళ్ల 8హెచ్‌పీ45కు 450, 8హెచ్‌పీ70కు 700. ముందు మీ బండిలో ఉన్న బాక్స్ కోడ్ తెలుసుకోండి, తర్వాతే ట్యూనర్ దగ్గరికి వెళ్లండి.

అపోహ: ఈ బాక్స్ 200 హార్స్‌పవర్ లాగుతుంది, భయం లేదు.

క్లచ్ ప్లేట్ల మీద పడేది టార్క్. ఎన్‌ఎంను ఆర్‌పీఎంతో గుణించి 7024తో భాగిస్తే పీఎస్ వస్తుంది. ఈ లెక్కన 1750 ఆర్‌పీఎం దగ్గర 400 ఎన్‌ఎం ఇచ్చే డీజిల్ ఆ క్షణాన చేసేది సుమారు 100 పీఎస్. 6000 దగ్గర 150 పీఎస్ చేసే పెట్రోల్ ఇంజిన్ ఇచ్చేది 175 ఎన్‌ఎమ్మే. పవర్ తక్కువున్న డీజిలే బాక్సును రెట్టింపుకు పైగా మెలిపెడుతోంది. పైగా నిలబడి ఉన్న బండి కదిలేటప్పుడు కన్వర్టర్ ఆ టార్క్‌ను దాదాపు రెండింతలు చేసి లోపలికి పంపుతుంది.

(ఏఎంటీ సంగతి వేరు. అది క్లచ్, గేర్లు వాటంతటవే మారే మామూలు మాన్యువల్ బాక్సే, ముందు చేతులెత్తేసేది డ్రై క్లచ్. గేర్లకు బదులు పుల్లీల మీద బెల్ట్ నడిచే సీవీటీలో ఆ బెల్ట్ ఒక్కసారి గట్టిగా జారితే పుల్లీ మీద గీతలు పడతాయి, ఆ తర్వాత ఏ ఆయిల్ పోసినా లాభం లేదు. సీవీటీ జోలికి పోవద్దు.)

అపోహ: ట్యూనింగ్ బాక్స్ (సెన్సర్ వైరుకు తగిలించే చిన్న పరికరం) ఈసీయూను, అంటే ఇంజిన్ కంప్యూటర్‌ను, ముట్టుకోదు, కాబట్టి గేర్‌బాక్స్‌కు సురక్షితం.

ఎక్కువ గేర్‌బాక్సులను తినేస్తున్నది ఈ నమ్మకమే. గేర్‌బాక్స్ లోపలి క్లచ్ ప్యాక్ (క్లచ్ ప్లేట్ల కట్ట) పట్టు ప్లేట్ల సంఖ్య, వాటి సైజు, వెనక నుంచి నొక్కే ఆయిల్ ప్రెషర్ మీద ఆధారపడుతుంది. ఎంత ప్రెషర్ పెట్టాలో గేర్‌బాక్స్ కంప్యూటర్ నిర్ణయిస్తుంది. ఇంజిన్ ఎంత టార్క్ ఇస్తోందో దానికి చెప్పేది ఈసీయూ.

ట్యూనింగ్ బాక్స్ చేసేది రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకు వెళ్లే డీజిల్ ప్రెషర్) సెన్సర్ రీడింగును తగ్గించి చూపడం. ఈసీయూ మోసపోయి డీజిల్ ఎక్కువ కొట్టిస్తుంది, కానీ తన లెక్కలో మాత్రం, ఉదాహరణకు, 320 ఎన్‌ఎం దగ్గరే ఉన్నాననుకుంటుంది. నిజంగా వస్తున్నది 380. గేర్‌బాక్స్ 320కి సరిపడా, ఇంకాస్త మార్జిన్‌తో నొక్కుతుంది. ఆ మార్జిన్ అయిపోయిన చోట ప్లేట్లు జారతాయి. జారితే వేడి, వేడికి ప్లేట్ల లైనింగ్ మాడి పొడి అవుతుంది, ఆ పొడి ఆయిల్‌తో వాల్వ్ బాడీలోకి (ఆయిల్‌ను క్లచ్‌లకు పంచే భాగం) చేరి అక్కడి కరెంటు వాల్వులైన సోలెనాయిడ్లను పట్టేస్తుంది. దాంతో ప్రెషర్ ఇంకా పడిపోతుంది. ఇక ఆగదు.

ఈసీయూ రీమ్యాప్‌లోనూ ఇదే తప్పు జరగొచ్చు. అందుకే ట్యూనర్‌ను రెండు విషయాలు అడగండి. పెంచిన టార్క్‌ను గేర్‌బాక్స్‌కు ఉన్నదున్నట్టు చెబుతున్నారా? గేర్ మారేటప్పుడు ఇంజిన్ టార్క్ క్షణంపాటు తగ్గించే ఏర్పాటును అలాగే ఉంచారా? సూటిగా జవాబు రాకపోతే తాళాలు తీసుకుని వచ్చేయండి.

అపోహ: పోయేటప్పుడు చెప్పకుండా పోతుంది.

చాలా సార్లు నెలల ముందే చెబుతుంది. మొదట లొంగేది కన్వర్టర్‌లోని లాకప్ క్లచ్, అంటే ఇంజిన్‌నూ గేర్లనూ నేరుగా కలిపేసే క్లచ్. 60–80 కి.మీ. వేగంలో యాక్సిలరేటర్ కొద్దిగా నొక్కి ఉంచితే, గుంతలు లేని రోడ్డు మీద కూడా గతుకుల మీద పోతున్నట్టు బండి వణుకుతుంది. స్కానర్ పెట్టి ఇంజిన్ ఆర్‌పీఎం, టర్బైన్ (కన్వర్టర్‌లో గేర్లవైపు తిరిగే చక్రం) ఆర్‌పీఎం పక్కపక్కన చూడండి. మాన్యువల్ మోడ్‌లో నాలుగో గేరు వేసి, లాకప్ పట్టుకున్నాక యాక్సిలరేటర్ నిండా నొక్కండి. తేడా కొన్ని పదుల్లో నిలకడగా ఉంటే ఫర్వాలేదు. కొన్ని బాక్సులు కావాలనే ఆ మాత్రం జారనిస్తాయి. లాకప్ వేసే ఉందని చూపిస్తూనే తేడా 100, 200 అని ఎక్కుతూ పోతుంటే ఆ రోజే పాత మ్యాప్‌కు తిప్పేయండి. లాకప్ సరిగా పట్టడం లేదని చెప్పే పి0741 కోడ్ వచ్చేదాకా ఆగొద్దు.

అపోహ: ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) జీవితాంతం మార్చక్కర్లేదు.

8హెచ్‌పీకి జెడ్‌ఎఫ్ కంపెనీయే 80,000–1,20,000 కి.మీ. మధ్య మార్చమంటుంది. రీమ్యాప్ చేసిన బండికి, తిరుమల, శ్రీశైలం ఘాట్లు నిండు లోడుతో తరచూ ఎక్కే బండికి, మే నెలలో హైదరాబాద్ ట్రాఫిక్‌లో నలిగే బండికి 40,000కే మార్చడం మంచిదని మా మాట. నెమ్మదిగా ఎక్కేటప్పుడు కన్వర్టర్ లాక్ కాదు, జారుడు వేడంతా ఆయిలే మోయాలి.

డ్రెయిన్ ప్లగ్ విప్పితే మొత్తం ఆయిల్ దిగదు. సుమారు 7 లీటర్లు పట్టే బాక్సులో 3, 3.5 లీటర్లే వస్తుంది, మిగతాది కన్వర్టర్‌లో, కూలర్‌లో ఉండిపోతుంది. దించిన చుక్కను తెల్ల కాగితం మీద వేసి చూడండి. కాస్త ముదిరిన ఎరుపు పర్వాలేదు, మాడిన వాసనతో నల్లగా ఉంటే బాక్స్ అడుగున ఉండే ఆయిల్ పాన్ విప్పి అందులోని అయస్కాంతాలు చూడాల్సిందే. సన్నని బూడిదరంగు పేస్ట్ మామూలే, చేతికి గుచ్చుకునే ఇనుప ముక్కలుంటే బాక్స్ తెరవాలి. కొత్తది పోశాక లెవెల్ చూసేది ఇంజిన్ ఆన్‌లో ఉంచి, సర్వీస్ మాన్యువల్ పుస్తకంలో రాసిన ఆయిల్ టెంపరేచర్ దగ్గరే. చాలా బాక్సులకు అది 35–45 డిగ్రీలు. వేడెక్కి వ్యాకోచించిన ఆయిల్‌తో లెవెల్ కట్టేస్తే చల్లారాక తక్కువ పడుతుంది, పంపు గాలి పీలుస్తుంది, మళ్లీ ప్రెషర్ పోతుంది.